మేళం మధ్యలో ఒక్క కూత

నేను ఒక ఇత్తడి విజిల్‌ని. బొటనవేలంత ఒళ్లు, లోపల శనగగింజంత బెండు ఉండ, మెడకొక కడియం. నోరు తప్ప చెప్పుకోదగ్గ అవయవం నాకు లేదు. ఆ నోరైనా ఎవరో ఒకరు ఊపిరి పోస్తేనే పలుకుతుంది. అయినా నా కూత వినగానే ఎంత పనిలో ఉన్నవాళ్లయినా తల తిప్పి చూస్తారు. అందుకని చాలాకాలం నాకు కాస్త పొగరుండేది. ఇప్పుడది లేదు. ఎందుకు పోయిందో చెప్పడానికే ఈ కథ.

ఉత్తరాదిలో ఏదో ఊళ్లో, ఇత్తడి రేకులు కత్తిరించే ఒక ఇరుకు కార్ఖానాలో పుట్టాను. రేకు వంచి, అతికి, లోపల ఉండ వేసి, ఒక ముసలాయన నన్ను పెదాల మధ్య పెట్టుకుని ఊదాడు. కూశాను. తలాడించి పెట్టెలో పడేశాడు. కూయనివాళ్లను పక్కనున్న గంపలో పడేసేవాడు, వాళ్లు మళ్లీ కరిగిపోయేవాళ్లు. పుట్టగానే గొంతు విప్పకపోతే మా కులంలో బతుకే లేదు.

పెట్టెతోపాటు రైలెక్కి చీరాల చేరి, ఆటసామాన్ల కొట్టులో కొన్నాళ్లు దుమ్ము తిన్నాను. నన్ను మొదట కొన్నది శరభయ్య అనే డ్రిల్లు మాస్టారు. పిల్లలను పరిగెత్తమని నాతో చెప్పించి, తను మాత్రం నీడన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒకరు ఊదడం, ఇంకొకరు పరిగెత్తడం అనే ఈ ఏర్పాటు మనుషుల్లో చాలాచోట్ల ఉందని తర్వాత తెలిసింది. ఒకరోజు ఆయన బస్సులో వేరుశనక్కాయలు తింటూ నన్ను పక్కసీటు మీద పెట్టాడు. దిగేటప్పుడు పొట్లాం జాగ్రత్తగా తీసుకుని నన్ను వదిలేసి దిగిపోయాడు.

నన్ను తీసి తుడిచినవాడు ఆ బస్సు కండక్టరు, గోలి మార్కండేయులు. మనిషి నిజాయితీపరుడు. మర్నాడే మాస్టారికి చూపించాడు. ఆయన అప్పటికే ప్లాస్టిక్ విజిల్ కొనేసుకున్నాడు. "ఉంచుకోవయ్యా" అన్నాడు. అలా నేను బస్సు ఉద్యోగంలో చేరాను.

ఆ రోజుల్లో కండక్టరుకు విజిలే గొంతు. ఒక్క కూత కూస్తే బస్సు ఆగాలి. రెండు కూస్తే కదలాలి. మార్కండేయులు నన్ను ఊదేటప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు, రోడ్డు దుమ్ము నాలోకి పోకుండా. చూసేవాళ్లకు దగ్గు ఆపుకుంటున్నట్టు కనపడేది. ఎన్నో ఏళ్లు ఆ అరచేతి చాటునే కూశాను. నేను కూసినప్పుడల్లా అంత పెద్ద బస్సు బుద్ధిగా ఆగిపోతుంటే, నడుపుతున్నది డ్రైవరు కాదు నేనే అనుకునేవాణ్ణి.

పెళ్లిళ్ల సీజనులో ఆ బస్సు టాపు మీద బ్యాండు మేళం వాళ్లు ఎక్కేవాళ్లు. డ్రమ్ములన్నీ పైన, మేస్త్రి దేవసహాయం మాత్రం కింద మార్కండేయులు పక్కన. సన్నగా, నల్లగా, వేళ్లతో ఎప్పుడూ ఏదో ఒకదాని మీద దరువేస్తూ ఉండే మనిషి. ఆయన బాధల్లా ఒకటే. మేళం నడుస్తుంటే ఆపాలనుకున్నప్పుడు కర్ర పైకెత్తేవాడు. ముందు వరస ఆగేది, వెనక వరసకు కర్ర కనపడక నాలుగు దెబ్బలు ఎక్కువ వేసేది. పెద్ద డ్రమ్ము జకరయ్య, ఆయన సొంత తమ్ముడే, అందరూ ఆగాక కూడా ధడ్‌మని ఒకటి కొట్టి నాలిక్కరుచుకునేవాడు.

ఒకరోజు దేవసహాయం నన్నూ డ్రైవరునూ మార్చి మార్చి చూసి, "ఆయన వెనక్కి తిరక్కుండానే ఆపేస్తన్నాడే!" అన్నాడు.

"ఎందుకు తిరుగుతాడు? ఈ కూత చెవినబడితే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయిద్ది. అంత అలవాటైపోయింది" అన్నాడు మార్కండేయులు.

దేవసహాయం ఆ పూట బస్సు దిగకుండా చివరిదాకా కూర్చున్నాడు. మర్నాడు ఇద్దరూ కలిసి ఒకప్పుడు నేనున్న ఆటసామాన్ల కొట్టుకే వెళ్లారు. మార్కండేయులు నన్ను ఊదుతూ, కొట్టువాడి పెట్టెలోని విజిళ్లను ఒక్కొక్కటే ఊదించి, అచ్చం నా గొంతే ఉన్నదాన్ని ఏరి ఇచ్చాడు. నా తోబుట్టువు అలా బ్యాండు మేళంలో చేరింది. ఒక్క కూతకు మేళం ఆగాలి, రెంటికి ఎత్తుకోవాలి. చర్చి వెనక ఖాళీ స్థలంలో దేవసహాయం తన మనుషుల వీపులు తనవైపు తిప్పించి మరీ నేర్పాడు. కొన్నాళ్లకు జిల్లాలో అంత శుభ్రంగా ఆగే మేళం ఇంకొకటి లేదని పేరొచ్చింది. మొదలుపెట్టడం ఎవడైనా మొదలుపెడతాడు, ఆగడంలోనే మేస్త్రి తెలుస్తాడని మార్కండేయులు ప్రయాణికులందరికీ చెప్పేవాడు, వాళ్లు అడగకపోయినా.

అప్పటినుంచి అతను దేవసహాయం బ్యాండుకు అభిమాని. అభిమానులనే జాతి గురించి నాకు తెలిసింది ఇంతే: వాళ్లు వాయించరు, కాని వాయించేవాళ్ల కంటే ఎక్కువ అలిసిపోతారు. మార్కండేయులు రిటైరయ్యాక ఆ జబ్బు ముదిరింది. ఎవరి పెళ్లో తెలియని ఊరేగింపుల వెంట నడిచేవాడు. పై పళ్లు పోవడంతో వేళ్లు పెట్టి ఈల వేయడం చేతకాక, మెచ్చుకోలుకు నన్ను ఊదేవాడు. అదీ వాయింపు పూర్తిగా అయిపోయాకే. ఆ షరతు దేవసహాయం పెట్టిందే. "కండక్టరుగారూ, మీ పుణ్యముంటది, మేళం నడిచేటప్పుడు మాత్రం దాన్ని జేబులోంచి తియ్యబాకండి" అని దండం పెట్టి చెప్పాడు. మార్కండేయులు నవ్వి ఒట్టేశాడు.

దేవసహాయం పోయిన ఏడాది గుండె ఆగి పోయాడు. విజిల్ ఎవరికనే తగాదా వచ్చింది. తమ్ముడు జకరయ్య ఉన్నాడు, వయసుంది, అనుభవముంది. కాని కొత్త దరువులు కట్టే చెయ్యి దేవసహాయం కూతురు కెజియాది. ఇంట్లో మిషను కుట్టుకుంటూ, సాయంత్రం సైడు డ్రమ్ము మెడకు తగిలించుకునే ఇరవైనాలుగేళ్ల పిల్ల. ఆడపిల్ల ముందు నడిస్తే పెళ్లివాళ్లు ఏమంటారోనని కొందరు గొణిగారు. జకరయ్య చెడ్డవాడు కాదు, భయస్థుడు. అన్ని కుటుంబాల కూడు ఆ మేళం మీదే ఉంది మరి. చివరికి ఒక మాట అనుకున్నారు. బోణీ మేళానికి కెజియా ముందు నడుస్తుంది. బాగా నడిపితే విజిల్ ఆమెది. తప్పితే జకరయ్యది, ఇంక మళ్లీ అడగకూడదు.

బోణీ మేళమంటే చెప్పాలి. మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యే ముందు, ఊళ్లోని బ్యాండ్లన్నీ ఒక సాయంత్రం హైస్కూలు మైదానంలో వంతులవారీగా వాయిస్తాయి. ఫంక్షన్ హాళ్ల మేనేజర్లు ముందు వరసలో కూర్చుని, ఎవరిని పిలవాలో అక్కడే అనుకుంటారు. వెనక మెట్ల మీద అభిమానులు. అసలు సంగతేమిటంటే ఆ రోజుకు ఏ మేళమూ తయారై ఉండదు. నెలల తరబడి ముఠాపనికో రంగులద్దకానికో పోయిన చేతులు అప్పుడే కర్రలు పట్టుకుంటాయి. యూనిఫారాలు సగం దర్జీ దగ్గరే ఉంటాయి. అందరికీ అది తెలుసు, అయినా ఆ పచ్చి వాయింపు చూడందే మార్కండేయులు లాంటివాళ్లకు ఏడాది మొదలు కాదు.

ఆ సాయంత్రం అతను చలవచేసిన చొక్కా వేసుకుని, నన్ను జేబులో వేసుకుని అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు. పక్కన టీకొట్టు హుసేను.

"ఏంది కండక్టరుగారూ, మీవాళ్లలో సగం మందికి టోపీల్లేవు?" అన్నాడు హుసేను.

"ఇప్పుడేం చూశావు హుసేనూ! ఇంకా పచ్చిగా ఉంది. పెళ్లిళ్లు ఊపందుకోనీ, అప్పుడు చూద్దువుగాని."

"ఆ పిల్ల మోయగలదా ఇంత మేళాన్ని?"

మార్కండేయులు మైదానం వైపు తిరిగాడు. జేబు లోపలినుంచి అతని గుండె నాకు వినపడుతూనే ఉంది. పందెంలో ఉన్నది కెజియా మాత్రమే కాదన్నట్టు కొట్టుకుంటోంది.

స్టేషను రోడ్డు బ్యాండు వాయించి వెళ్లాక కెజియా తన వరసలతో మైదానంలోకి వచ్చింది. తండ్రి విజిల్ పళ్ల మధ్య బిగించి పట్టుకుంది, రెండు చేతులూ డ్రమ్ము మీదున్నాయి కాబట్టి. మొదట్లో అంతా తడబాటే. ఒక ట్రంపెట్ గొంతు జీరబోయింది. మలుపు దగ్గర వెనక వరస వంకరపోయింది. ఒకతని డ్రమ్ము పట్టీ తెగితే మోకాలితో ఆపుకుంటూ నడిచాడు. మార్కండేయులు ఒక్కో తప్పుకు ఒక్కోసారి తొడ గిల్లుకున్నాడు. ముందు వరసలో ఒక మేనేజరు ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు కెజియా కొత్త దరువు ఎత్తుకుంది. బాకాలు ఆగాయి. ఆమె డ్రమ్ము అంచు మీద సన్నగా కొడుతుంటే రెండు వరసలూ విడిపోయి ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆ దెబ్బ ఒక డ్రమ్ము నుంచి పక్క డ్రమ్ముకు, బంతిలో విస్తళ్లు వేసుకుంటూ పోయినట్టు, ఆ కొసదాకా పోయి ఎదుటి వరసలో తిరిగొచ్చింది. మళ్లీ పోయింది, ఈసారి ఇంకా వేగంగా. మైదానంలో మాటలు ఆగిపోయాయి. ఫోను చూసుకుంటున్నాయన తలెత్తాడు. వరసలు ఒకదాంట్లోంచి ఒకటి దూరుతూ కలిసిపోయాయి, జకరయ్య పెద్ద డ్రమ్ము కింది నుంచి అందుకుంది, మొత్తం మేళం ఒక్కసారిగా విరుచుకుపడింది.

మార్కండేయులు లేచి నిలబడ్డాడు. అతని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. దేవసహాయం అక్కడ లేకుండానే ఉన్నట్టుంది అతనికి. చెయ్యి జేబులోకి ఎప్పుడొచ్చిందో అతనికి తెలియదు. అరచేతి చాటున, పాత అలవాటు ప్రకారం, గుండెల నిండా ఊపిరి తీసుకుని నన్ను ఊదాడు.

ఒక్క కూత.

మేళం ఆగిపోయింది. సగం దెబ్బ మిగల్లేదు, ఒక్క కర్ర జారలేదు. అంత శుభ్రంగా ఆగడం నేనెన్నడూ వినలేదు. దేవసహాయం బతికుంటే పొంగిపోయేవాడు, అది ఆగకూడని చోటు కాకపోతే.

ముందు వరసలో తలలు పైకి లేచాయి. తర్వాత స్టేషను రోడ్డువాళ్ల వైపునుంచి ఒక నవ్వు, దాని వెనక పది నవ్వులు. కెజియా పళ్ల మధ్యనుంచి విజిల్ తీసి, అరచేతిలో పెట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది. వాయిస్తూ వాయిస్తూ రొప్పుతోంది కదా, ఆ రొప్పులో తన ఊపిరే జారిందనుకుంది. ఇంకెవరిదైనా అయ్యుంటుందని ఆమెకు తోచనే లేదు. ఎవరికీ తోచలేదు. మెట్ల మీదివాళ్లందరి కళ్లూ మేళం మీదే ఉన్నాయి, అరచేతి చాటున కండక్టరు దగ్గాడనుకున్నారు. కండక్టరు విజిల్ వాయింపు అయిపోయాకే కూస్తుందని అందరికీ తెలుసు. దాని గొంతూ, మేళం విజిల్ గొంతూ అచ్చం ఒకటేనని గుర్తుంచుకున్న మేస్త్రి పోయిన ఏడాదే పోయాడు.

జకరయ్య పెద్ద డ్రమ్ము దించి ముందుకొచ్చి చెయ్యి చాచాడు. ఆమె విజిల్ ఆ చేతిలో పెట్టి వెనక వరసలోకి నడిచింది. రెండు కూతలు వినపడ్డాయి. ప్రతి పెళ్లిలోనూ వాయించే పాత దరువు మొదలైంది.

గ్లాసులు ఏరుకోవడానికి వెళ్లిన హుసేను అప్పుడే పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది కండక్టరుగారూ? మాంచి ఊపులో ఉండగా వాళ్లెందుకు ఆపారు?"

నేనింకా అతని పిడికిట్లోనే ఉన్నాను, తడిగా. ఆ క్షణాన నిజం చెప్పడానికి ఒక్క చెయ్యి విప్పితే చాలు.

"పిల్ల కంగారుపడి విజిల్ ఊదేసినట్టుంది, పాపం" అన్నాడు మార్కండేయులు.

ఊదడం పొరపాటు. ఈ మాట పొరపాటు కాదు. హుసేను టీకొట్టు ఊరికి నడిమధ్యన ఉంది. చీకటి పడేలోగా పిల్ల కంగారుపడిందన్న మాట ఊరంతా తిరిగింది. చూసినవాళ్లూ చూడనివాళ్లూ అదే మాట, మార్కండేయులు అన్నట్టే, చివర ఆ పాపంతో సహా.

ఇంటికొచ్చి నన్ను మినప్పప్పు డబ్బాలో దాచాడు. మగవాళ్లకు వంటింట్లో ఏ డబ్బా ఎప్పుడు తెరుస్తారో తెలియదు. పప్పు మధ్య కూరుకుపోయి నేను విన్నదంతా అతని అడుగుల చప్పుడే, వంటింటి గుమ్మం దాకా రావడం, వెనక్కి పోవడం. వీధిలో ఎక్కడైనా డ్రమ్ము వినపడితే తలుపు మూసేవాడు. కూర బాగాలేదనేవాడు, బాగుందా అని అడిగితే బాగుందనేవాడు. పాపం చేసినవాళ్లు నిద్రపోరంటారు గాని అతను పగలు కూడా పడుకునే ఉండేవాడు. నాకూ సుఖం లేదు. ఊపిరి అతనిదే అయినా, ఆ పిల్ల పరువు తీసిన గొంతు నాదే కదా.

దోసెలకు పప్పు నానబోయాలని అతని భార్య రాజ్యం డబ్బా బోర్లించింది. నేను చేటలో ఠంగున పడ్డాను.

"ఇదేందండీ, మినప్పప్పులో మొలిచింది?"

అతను గోడవైపు తిరిగి పడుకునే మొత్తం చెప్పాడు. చెప్పడం అయ్యాక ఆమె ఏమంటుందోనని ఇటు తిరిగాడు. ఆమె పప్పు ఏరుతూనే ఉంది.

"నాకు చెప్తే ఏం లాభం? నేనేమన్నా ఆ పిల్లనా?"

"చెప్తే ఇంక నన్ను మేళం ఛాయలకు రానివ్వరు రాజ్యం."

"ఇప్పుడు మాత్రం పోతన్నారా? తలుపేసుకుని కూర్చుంటిరి. ఆ పిల్ల కూడా తలుపేసుకుందంట. జకరయ్య పిలిచినా మేళానికి పోవట్లేదంట. మీ ఇద్దరి మధ్యా ఉన్నది ఈ ముక్కేగా" అని నన్ను తుడిచి అతని దిండు పక్కన పెట్టి లేచిపోయింది.

కెజియా ఇంటికి అతను వెళ్లిన నడక నాకు గుర్తుంది. దారిలో రెండుసార్లు ఆగి, ఎవరికోసమో చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆమె మిషను ముందు కూర్చుని స్కూలు లాగూలు కుడుతోంది. "రండి బాబాయ్" అని స్టూలు జరిపింది. అతను కూర్చోలేదు. జేబులోంచి తీసి నన్ను మిషను బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు ఊదింది నువ్వు కాదమ్మా. నేను. ఇదిగో దీంతో."

మిషను చక్రం ఇంకా తిరుగుతోంది. ఆమె అరచెయ్యి వేసి ఆపింది. నన్ను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా చెయ్యి మంచిదే గాని ఊపిరి నిలకడ లేదన్నాడు మా చిన్నాన్న. నిజమే అనుకున్నా" అంది. "ఇన్నాళ్లూ నా ఊపిరిని నేనే నమ్మలేదు బాబాయ్. పడుకుంటే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంటన్నా, మళ్లీ ఏం జారిద్దోనని. మీరు మా వీధిలో నుంచే పాలకు పోతారు గదా, రోజూ. ఒక్కరోజు ఆగలేకపోయారా?"

అతను చేతులు జోడించాడు. "క్షమించమ్మా."

"అది తర్వాత సంగతి. ముందు మావాళ్లందరి ముందర చెప్పండి."

చర్చి వెనక ఖాళీ స్థలంలో మేళం వాళ్లు గుమిగూడారు. మార్కండేయులు నన్ను అందరికీ కనపడేలా పట్టుకుని చెప్పాడు. మధ్యలో తప్పి, మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. అంతా విని జకరయ్య దయగా నవ్వాడు. మార్కండేయులు ఆ దయకు సిద్ధపడి రాలేదు.

"మీ మనసు మంచిది కండక్టరుగారూ. మా అన్నంటే మీకు ప్రాణం, ఆయన కూతురు బాధపడుతుంటే చూళ్లేక తప్పు మీ నెత్తినేసుకుంటన్నారు. మాకు తెలవదా?"

"కాదు జకరయ్యా, నిజంగా నేనే..."

"మెట్ల మీద అంత దూరాన ఎవరో ఊదితే మా మేళం ఆగిద్దా? మాదేమన్నా మీ బస్సా?"

అందరూ నవ్వారు. ఒకతను టీ తెప్పించమంటారా అని కూడా అడిగాడు. ఇన్నేళ్ల అభిమానం వల్ల మార్కండేయులుకు దక్కిన ఫలితం అది, అబద్ధం చెబితే ఊరంతా నమ్మింది, నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదు.

కెజియా డ్రమ్ము తీసి మెడకు తగిలించుకుంది. "చిన్నాన్నా, నాన్న విజిల్ నీ జేబులోనే ఉండనీ. కొత్త దరువు వాయిద్దాం. కండక్టరుగారు ఆ ప్రహరీ దగ్గర నిలబడతారు. అందరూ అటు వీపు పెట్టండి. బాబాయ్, మీకు ఎక్కడ ఊదాలనిపిస్తే అక్కడ ఊదండి. ఆ రోజు ఊదినట్టే ఊదాల."

అతను ప్రహరీ దగ్గరకు నడిచాడు. అక్కడ అంచు మీద సన్నటి దెబ్బ మొదలైంది, వరసలు విడిపోయాయి, దెబ్బ ఆ కొసకు పోయి తిరిగొచ్చింది. ఆ మైదానంలో కంటే బాగుంది, ఎంతో బాగుంది. అతని పెదాలు ఎండిపోయాయి. నన్ను నోట్లో పెట్టుకున్నాడు గాని గాలి తప్ప ఏమీ రాలేదు. వరసలు దూరుకున్నాయి, పెద్ద డ్రమ్ము అందుకుంది, మేళం విరుచుకుపడింది. ఇంత చక్కటి దరువును మళ్లీ తనే, ఈసారి తెలిసి తెలిసి, చంపాలి. కళ్లు మూసుకుని ఊదాడు.

అందరూ ఆగిపోయారు. జకరయ్య కర్ర గాల్లోనే నిలిచిపోయింది. నమ్మలేక అతను తన జేబు తడుముకున్నాడు. విజిల్ జేబులోనే ఉంది.

కెజియా ఆగలేదు.

తండ్రి నేర్పిన ఆ కూతకు ఆమె చేతులు కూడా ఒక్క క్షణం తడబడ్డాయి. కాని ఈసారి నోరు ఖాళీగా ఉంది. అది తన ఊపిరి కాదని ఆమెకు మొదటిసారి రుజువుగా తెలిసింది. ఆగిపోయిన మేళం మధ్య ఒక్కతే వాయిస్తూ నిలబడింది, తల ఎత్తి, నోరు తెరిచి, ఏడుస్తూ. జకరయ్య ఆమెను చూశాడు. గాల్లో ఉన్న కర్ర దింపి పెద్ద డ్రమ్ము మీద వేశాడు. తర్వాత ఒక్కొక్కరే అందుకున్నారు. దరువు, ఆ రోజు మైదానంలో ఎవరూ వినని చివరిదాకా నడిచింది.

వాయింపు అయ్యాక జకరయ్య జేబులోంచి విజిల్ తీసి, దాని తాడు సరిచేసి, కెజియా మెడలో తనే వేశాడు. "ఊపిరి గురించి నేనన్నమాట మర్చిపో తల్లీ" అన్నాడు. మిగతావాళ్లు ఆమె చుట్టూ మూగారు. ప్రహరీ దగ్గరున్న మనిషిని ఎవరూ తిట్టలేదు. అసలు ఎవరూ అటు చూడలేదు. తిడితే ఎంతో బాగుండుననిపించింది అతనికి, నాకు కూడా.

అందరూ వెళ్లాక అతను కెజియా దగ్గరకొచ్చి నన్ను రెండు చేతులతో ముందుకు చాచాడు. "ఇది నువ్వే ఉంచుకోమ్మా. ఇంక నా దగ్గర ఉండటానికి వీల్లేదు."

ఆమె నా వంక చూసింది, తీసుకోలేదు. "నేను తీసుకుంటే మీ జేబు తేలికైపోయిద్ది బాబాయ్. మీ దగ్గరే ఉండనీండి. మా ప్రతి మేళానికీ రండి. వచ్చేటప్పుడు దాన్ని తెచ్చుకోండి. ఊదబాకండి."

ఇప్పుడు ముహూర్తాలు ఊపందుకున్నాయి. టోపీలన్నీ వచ్చాయి, వరసలు వంకరపోవడం లేదు. కెజియా ముందు నడుస్తోందనే అడిగి మరీ పిలుస్తున్నారు. ప్రతి ఊరేగింపులోనూ మార్కండేయులు ఉంటాడు, అతని చొక్కా జేబులో నేనుంటాను. బెండు ఉండ ఎండి బిగుసుకుపోయింది, ఊదినా బహుశా కూయలేను. కొత్త దరువు ఎత్తుకున్నప్పుడల్లా, మేళం విరుచుకుపడే ఆ చోటు రాగానే, అతని ఊపిరి ఆగుతుంది. కుడిచెయ్యి వచ్చి జేబు మీదనుంచే నన్ను గట్టిగా అదిమి పట్టుకుంటుంది. దరువు పూర్తయ్యాక చుట్టూ అందరూ చప్పట్లు కొడతారు. ఒక చెయ్యి నా మీదే ఉండిపోతుంది కాబట్టి మార్కండేయులు కొట్టలేడు.